దండెం మీద దుప్పటి: 46 డ్రాయింగులు, మూడు ప్లేట్లు

ఇది ఒక్క బొమ్మ గురించి, దానికి ఏడు నెలలు పట్టింది. దండెం మీద ఆరేసిన తెల్ల దుప్పటి, దాని వెనకనుంచి పొద్దుటి ఎండ, సబ్జెక్టు అంతే. చేసింది ఎచింగ్‌లో, అంటే లోహపు ప్లేట్ మీద పూత వేసి సూదితో గీసి ఆసిడ్‌లో ముంచి, ఆసిడ్ తిన్న గుంటల్లో ఇంకు నింపి ప్రెస్‌లో కాగితం మీదకి అచ్చు తీయడం. 46 డ్రాయింగులు వేశా, మూడు ప్లేట్లు చేశా, మొదటి రెండూ పక్కన పెట్టేశా, మూడోది అయిదు స్టేట్లు (ప్లేట్‌ని మార్చిన దశలు) దాటాక 12 ప్రింట్ల ఎడిషన్ (ఒకేలా తీసిన ప్రింట్ల వరస) అయింది. డ్రాయింగ్ బాగా వచ్చినవాళ్ళు ఎచింగ్‌లోకి వచ్చినప్పుడు సరిగ్గా నేను ఇరుక్కున్న చోటే ఇరుక్కోవడం చాలాసార్లు చూశా, అందుకే ఎక్కడ ఏం చేశానో టైములతో సహా రాస్తున్నా. కాగితం మీద తెలుపు అడక్కుండానే ఉంటుంది, గీయని చోటల్లా తెలుపే. ప్లేట్ మీద ఏది తెల్లగా ఉండాలో ఆసిడ్‌లో పెట్టకముందే తేల్చుకుని దాన్ని కప్పి కాపాడాలి. ఈ ముక్క నాకు పుస్తకాల్లో చదివి ముందే తెలుసు, చేతికి తెలియడానికి మాత్రం రెండు ప్లేట్లు పోయాయి.

మొదలు ఎలా అయిందంటే, పొద్దున్నే ఎండ దుప్పటి వెనక ఉన్నప్పుడు అది బట్టలా కాకుండా ఒక దీపంలా కనపడేది, ఓ పావుగంట అలా ఉండి తర్వాత ఎండ పైకెక్కేసరికి మామూలు దుప్పటి అయిపోయేది. ఆ పావుగంటలో గీయాలని రోజూ కూర్చునేదాన్ని. మొదటి 20 డ్రాయింగులు 2బి, 4బి పెన్సిళ్ళతో, తర్వాత కొన్ని పెన్నూ ఇంకుతో, కొన్ని బొగ్గుతో. ముడతలు గీయడం నాకు ఇష్టం, అదే చిక్కు కూడా అని తర్వాత తెలిసింది. జర్మన్ చిత్రకారుడు డ్యూరర్ 1493లో ఒకే కాగితం మీద ఆరు దిండ్లు గీశాడు పెన్నుతో, ఇప్పుడు న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియంలో ఉంది, ఆ దిండ్లని నొక్కి వంచి మెలితిప్పి ఒక్కో ముడత ఎటు పోతుందో గీతతో వెంటపడి మరీ పట్టుకున్నాడు. నా కళ్ళ ముందు ఎప్పుడూ అదే ఉండేది, దుప్పటి ముడతల్ని కూడా అలాగే గీతలతో పట్టుకోవాలనుకున్నా. డ్రాయింగులు బాగానే వచ్చేవి, ఆ మాట మొహమాటం లేకుండా చెప్తా. కానీ వాటిల్లో వెలుగు ఎక్కడిదంటే కాగితానిది, నేను పెట్టింది కాదు, గీతల మధ్య ఖాళీలో కాగితం తెల్లగా ఉంది కాబట్టి దుప్పటి వెలుగుతున్నట్టు అనిపించేది.

మొదటి ప్లేట్ జింక్, 20 బై 25 సెంటీమీటర్లు. అంచులు ఆకురాయితో 45 డిగ్రీల వాలుకి అరగదీశా (ఇది బద్ధకించినవాళ్ళ ప్లేట్లు ప్రెస్‌లో కాగితాన్నీ ఫెల్ట్ బ్లాంకెట్లనీ కోసేస్తాయి, దయచేసి మానొద్దు), హార్డ్ గ్రౌండ్ వేశా, అంటే తేనెమైనం, ఆస్ఫాల్టమ్, రోజిన్ కలిపిన పూత, దాని మీద నాకు బాగా నచ్చిన 17వ డ్రాయింగుని గీతకి గీత సూదితో దింపా. డైల్యూట్ నైట్రిక్ ఆసిడ్‌లో పెట్టా. ఆసిడ్‌నే నీళ్ళలో పోయాలి, నీళ్ళని ఆసిడ్‌లో పోయకూడదు, ఇది ఎన్నిసార్లు చెప్పినా ఎక్కువ కాదు. గీతల మీద బుడగలు లేస్తుంటే ఈకతో తుడుస్తూ కూర్చున్నా, పలచటి గీతలు ఆపాలనుకున్న చోట తీసి ఆసిడ్ తగలకుండా కప్పే స్టాప్ ఔట్ వార్నిష్ పెట్టి మళ్ళీ ముంచా, అంతా పద్ధతిగానే చేశా. ప్రూఫ్ (ఎలా వచ్చిందో చూసుకునే ప్రింట్) తీస్తే రెండు జబ్బులు. ఒకటి చిన్నది, ఒక మూల గ్రౌండ్ వేడి ఎక్కువై పలచబడినట్టుంది, అక్కడ ఆసిడ్ లోపలికి దిగి చుక్కలు చుక్కలుగా ఫౌల్ బైట్ అయింది. అది సర్దుకోవచ్చు. రెండోదే అసలు దెబ్బ: ముడత లోపల బాగా నల్లగా రావాలని నేను గీతల్ని దగ్గర దగ్గరగా అల్లిన చోట, ఆసిడ్ గీతల కిందనుంచి పక్కలకి తినేసి మధ్యలో ఉన్న సన్నటి గ్రౌండ్ గోడలు కూలిపోయాయి, గీతలన్నీ కలిసి ఒక వెడల్పాటి గుంట అయింది. వెడల్పాటి గుంటలో ఇంకు నిలబడదు, తుడిచేటప్పుడు మధ్యలోంచి వచ్చేస్తుంది, అంచుల్లో మాత్రమే ఉంటుంది. దాన్ని క్రెవే అంటారు. అంటే నేను అన్నిటికంటే నల్లగా ఉండాలనుకున్న చోటు నల్లటి అంచుతో బూడిదరంగు మచ్చగా వచ్చింది. పెన్సిల్‌తో అయితే ఎంత రుద్దితే అంత నలుపు, మెటల్‌లో ఒక హద్దు దాటాక ఎక్కువ చేస్తే నలుపు పోతుంది.

దాన్ని టెక్నికల్ తప్పు కింద లెక్కేసుకున్నా అప్పుడు. గీతలు కాస్త దూరంగా గీసుంటే, రెండుసార్లు గ్రౌండ్ వేసి గీసుంటే సరిపోయేది అనుకున్నా. అది కూడా నిజమే, కానీ ఆ ప్రూఫ్‌ని గోడకి పెట్టి నాలుగు రోజులు చూశాక అనిపించింది ఏంటంటే ఫౌల్ బైట్ లేకపోయినా, క్రెవే లేకపోయినా ఆ ప్రింట్‌లో వెలుగు లేదు. దుప్పటి ముడతల మ్యాప్ ఉంది.

అందుకని రెండో ప్లేట్‌కి పూర్తిగా వేరే దారి పట్టా, సాఫ్ట్ గ్రౌండ్. దీంట్లో కొవ్వు కలుస్తుంది కాబట్టి పూత ఎండి గట్టిపడదు, ఏది నొక్కితే దాని అచ్చు పట్టేస్తుంది. అదే దుప్పటి అంచు నుంచి ఒక ముక్క కత్తిరించి, చేత్తో ముడతలు పెట్టి, రాగి ప్లేట్ మీద పరిచి ప్రెషర్ తగ్గించి ప్రెస్‌లోంచి పంపా. బట్ట ఎత్తితే ప్రతి పోగూ గ్రౌండ్‌ని తీసుకుని లేచింది. రాగిని తినే ఫెరిక్ క్లోరైడ్‌లో 25 నిమిషాలు ఉంచి కడిగి ప్రూఫ్ తీస్తే నిజంగా నోట మాట రాలేదు, నేత, పడుగు పేక, కుట్టు దారం సహా అన్నీ వచ్చాయి. చూసినవాళ్ళంతా చాలా బావుందన్నారు, ఒకరిద్దరు ఇదే ఎడిషన్ చెయ్యమన్నారు కూడా. నాకు మూడు వారాలు పట్టింది అది నా బొమ్మ కాదని ఒప్పుకోడానికి. నేను దుప్పటిని నాలుగు మీటర్ల దూరం నుంచి చూసేదాన్ని, అంత దూరంలో నేత కనపడదు, కనపడేది వెలుగు ఒక్కటే. ప్లేట్ మీదేమో బట్ట ఉంది, వెలుగు లేదు. సాఫ్ట్ గ్రౌండ్‌ని తప్పు పట్టట్లేదు, టెక్స్చర్ కోసం దానంత నిజాయితీ ఉన్న పద్ధతి ఇంకోటి లేదు. కానీ టెక్స్చర్ సులువుగా అందుతుంది కాబట్టి అక్కడే ఆగిపోయే ప్రమాదం ఉంది, నా స్టూడెంట్స్ పోర్ట్‌ఫోలియోల్లో ఆకులు, లేసులు, గోనెసంచులు అచ్చేసిన ప్లేట్లు చూసినప్పుడల్లా అడిగేది ఒక్కటే, ఇందులో నువ్వు చూసింది ఏది అని.

మళ్ళీ డ్రాయింగ్‌కి వెళ్ళా. ఈసారి ఒక రూల్ పెట్టుకున్నా, గీత గీయకూడదు. నాలుగు గిన్నెల్లో ఇంకు, ఒక్కో దాంట్లో నీళ్ళు ఒక్కోలా కలిపి, ఒక వెడల్పాటి బ్రష్, అంతే. మొదటి వారం ఘోరంగా వచ్చాయి, అన్నీ మరకల్లా ఉన్నాయి, ఎందుకంటే ఎక్కడ ఏ గిన్నె వాడాలో నాకు తెలియట్లేదు, ముడత కనపడగానే చెయ్యి గీత కోసం పోతోంది.

ఇక దారి దొరికిన పొద్దున సంగతి. దుప్పటి దండెం మీద సగానికి సగం సమానంగా వేసి లేదు, వెనక సగం పొట్టిగా ఉంది, ముందు సగం కిందిదాకా వేలాడుతోంది. నేను లేచి దగ్గరికెళ్ళి రెండు సగాల మధ్యలో చెయ్యి పెట్టా, చెయ్యి నీడ ముందు పొర మీద పడింది, అక్కడ చీకటైంది. అప్పుడు చూస్తే, వెనక సగం ఎక్కడ అయిపోతుందో అక్కడ ఒక అడ్డగీతలా, దాని పైన కాస్త మసక, దాని కింద బాగా వెలుగు. పైన రెండు పొరలు, కింద ఒకే పొర. ముడతపడిన చోట మూడు, నాలుగు. క్లిప్పు పెట్టిన చోట బట్ట నలిగి ఆరో ఏడో. నేను ఇన్నాళ్ళూ షేడింగ్ అనుకుంటున్నది అసలు లెక్క, వెలుగు ఎన్ని పొరలు దాటి నా కంటికి వస్తోందో ఆ లెక్క. ముందునుంచి వెలుగు పడితే ముడత ఆకారాన్ని బట్టి నీడ పడుతుంది, వెనకనుంచి పడితే పొరల లెక్కని బట్టి పడుతుంది. నేను డ్యూరర్ దిండ్లని మనసులో పెట్టుకుని ముందు వెలుగు బొమ్మ గీస్తున్నా, నా ఎదురుగా ఉన్నదేమో వెనక వెలుగు.

అప్పటినుంచి నాలుగు గిన్నెలకి పని తెలిసింది. ఒక పొరకి ఒక గిన్నె, రెండు పొరలకి రెండోది. ఆ వారంలో వేసిన 9 డ్రాయింగులు మొత్తం 46లో నాకు ఇష్టమైనవి, 38 నుంచి 46 దాకా. అవి వేస్తున్నప్పుడే అనిపించింది ఇది అచ్చంగా అక్వాటింట్ పని అని, అక్వాటింట్ కూడా పొరల లెక్కే కదా. రోజిన్ పొడి ప్లేట్ మీద సన్నగా రాల్చి కిందనుంచి వేడి చేస్తే ప్రతి రేణువూ కరిగి అతుక్కుంటుంది, ఆసిడ్ రేణువుల మధ్య సందుల్లో తింటుంది, ఆ సందుల్లో ఇంకు నిలుస్తుంది, దూరంనుంచి అది గీత లేని ఒక టోన్‌లా కనపడుతుంది. ఎంతసేపు ఉంచితే అంత ముదురు. స్పెయిన్ చిత్రకారుడు గోయా 1799లో తెచ్చిన ప్రింట్ల వరస లాస్ కాప్రిచోస్‌లో 80 ప్లేట్లు, దాదాపు అన్నిట్లో ఎచింగ్ గీతా అక్వాటింటూ కలిసి ఉంటాయి, 32వ ప్లేట్ మాత్రం మొత్తం అక్వాటింటే, ఎచింగ్ గీత ఒక్కటి లేదు. జైల్లో కూర్చున్న ఒక ఆడమనిషి, ఆమె మీద కొంచెం వెలుగు, చుట్టూ చీకటి. ఆ ప్రింట్ చాలా ఏళ్ళుగా తెలుసు, కానీ ఆ వారం చూసినప్పుడు మొదటిసారి అర్థమైంది ఆ వెలుగు చోటుని గోయా అన్నిటికంటే ముందు కప్పి ఉంటాడని. మనకి ఆఖర్న కనపడేది ఆయనకి మొదటి పని.

మూడో ప్లేట్ రాగి, 1.2 మిల్లీమీటర్ల మందం, 30 బై 40 సెంటీమీటర్లు. ఫ్రేమ్ నిండా దుప్పటే, కింద ఒక పట్టీలో నేల. ముందు కాసిని గీతలు మాత్రం కావాలి హద్దులు తెలియడానికి. డ్రాయింగుని మెత్తటి పెన్సిల్‌తో మళ్ళీ గీసి, గ్రౌండ్ వేసిన ప్లేట్ మీద బోర్లించి ప్రెస్‌లోంచి పంపితే గ్రాఫైట్ గ్రౌండ్ మీదకి దిగుతుంది, తిరగబడి దిగుతుంది కాబట్టి ప్రింట్ తీసినప్పుడు మళ్ళీ తిరగబడి అసలు దిక్కుకి వస్తుంది. మొదటి ప్లేట్‌లో ఇది పట్టించుకోకుండా నేరుగా గీస్తే దుప్పటి వాలు ఎదురు దిక్కుకి పోయి ఏదో తేడాగా ఉందని చాలాసేపు తెలీనే లేదు. ఈసారి సూదితో గీసిన గీతలు ఏడు: దండెం, వెనక సగం అంచు, నాలుగు పెద్ద ముడతలు, నేల హద్దు. 17వ డ్రాయింగులో వందల గీతలున్నాయి.

గీతలు ఎచ్ అయ్యాక ప్లేట్ శుభ్రం చేసి, చాక్ పొడీ కొంచెం అమ్మోనియాతో జిడ్డు తీశా, నీళ్ళు పోస్తే ఎక్కడా చుక్కలుగా విడిపోకుండా దుప్పటి పరిచినట్టు జారాలి, అప్పుడే జిడ్డు పోయినట్టు. రోజిన్ వేసే ముందు మాస్క్ పెట్టుకోండి, గుడ్డ కట్టుకుంటే చాలదు, సరైన డస్ట్ మాస్క్. ఆ పొడి ఊపిరితిత్తుల్లోకి పోతే ఉబ్బసం వచ్చే అవకాశం ఉంది, గాల్లో దట్టంగా ఉన్నప్పుడు నిప్పు తగిలితే భగ్గుమంటుంది కూడా. నేర్చుకునే రోజుల్లో ఒక స్టూడియోలో రోజిన్ బాక్స్ పక్కనే మంట పెట్టి ప్లేట్ వేడి చేసేవాళ్ళు, ఎవరూ ఏమీ అనేవాళ్ళు కాదు, ఇప్పుడు తల్చుకుంటే భయమేస్తుంది. రేణువులు దాదాపు సగం చోటు కప్పేలా రాల్చి, కిందనుంచి వేడి చేస్తూ కళ్ళార్పకుండా చూడాలి, తెల్ల పొడి ఉన్నట్టుండి గాజులా మెరుస్తుంది, ఆ క్షణంలో వేడి తీసెయ్యాలి, ఇంకాస్త ఉంచితే రేణువులన్నీ కలిసి ఒకే పూత అయిపోతుంది, ఆసిడ్ దిగడానికి సందే ఉండదు.

ప్లేట్‌కి ముందు అదే రాగి ముక్క మీద అదే రోజిన్‌తో టెస్ట్ స్ట్రిప్ చేశా, ఇది లేకుండా అక్వాటింట్ మొదలుపెట్టొద్దు. 10 సెకన్లతో మొదలుపెట్టి ప్రతిసారీ రెట్టింపు, 20, 40, 80 అలా ఎనిమిది మెట్లు, ఆఖరిది 21 నిమిషాలు దాటింది. చూస్తే మొదటి మూడు నాలుగు మెట్ల మధ్యే తేడా బాగా తెలుస్తోంది, 10 నిమిషాలు దాటాక కంటికి పెద్ద తేడా లేదు. అంటే నాకు కావల్సిన దుప్పటి దాదాపు మొత్తం మొదటి రెండు నిమిషాల్లోనే ఉంది! ఫెరిక్ వేడిగా ఉన్న రోజు తొందరగా తింటుంది, అందుకే టెస్ట్ స్ట్రిప్పూ ప్లేటూ ఒకే రోజు చేశా.

స్టాప్ ఔట్ మొదలుపెట్టడానికి ముందు గంటసేపు ఊరికే కూర్చున్నా. ఏది పూర్తి తెలుపు? డ్రాయింగులో ఈ ప్రశ్నే రాలేదు ఎప్పుడూ. ఒక పొర ఉన్న చోటంతా తెలుపు అనుకున్నా ముందు, 41వ డ్రాయింగు తీసి చూస్తే అక్కడ కూడా మొదటి గిన్నె ఉంది, పలచగా. పూర్తి తెలుపు ఉన్నది రెండే చోట్ల, ఒక ముడత పక్కన ఎండ నేరుగా దూరిన సన్నటి చీలిక, ముందు సగం కింది అంచు. రెండూ కలిపి ప్లేట్‌లో నా బొటనవేలంత కూడా ఉండవు. వాటిని కప్పా. తర్వాత 15 సెకన్లు, కడిగి పూర్తిగా ఆరనిచ్చి, ఒక పొర చోటంతా కప్పా. మళ్ళీ ముంచి మొత్తం 40 సెకన్లకి తెచ్చి రెండు పొరల చోటు కప్పా. 2 నిమిషాలకి ముడతలు, 5 నిమిషాలకి క్లిప్పుల దగ్గర నలిగిన చోటు, 15 నిమిషాలకి నేల. కప్పే కొద్దీ ప్లేట్ నల్లగా అవుతుంది, ఎందుకంటే వార్నిష్ నలుపు, అంటే తెల్లగా రావాల్సింది నల్లగా కనపడుతుంటుంది, బొమ్మలో నలుపు తెలుపులు తారుమారుగా కనపడతాయి, పైగా కుడి ఎడమలు కూడా మారి. అలా మూడు గంటలు పనిచేస్తే బుర్ర వేడెక్కుతుంది, మధ్యలో ఎవరైనా పలకరిస్తే తప్పు చోట కప్పేస్తాం. ఫోన్ ఇంకో గదిలో పెట్టా.

మొదటి ప్రూఫ్. పొరలు ఉన్నాయి, వెలుగు ఉంది, చూడగానే తెలిసింది ఈసారి పట్టుబడిందని. కానీ మెట్లు మెట్లుగా ఉంది, ఒక టోన్‌కీ ఇంకో టోన్‌కీ మధ్య కత్తితో కోసినట్టు అంచు, అక్వాటింట్ స్వభావమే అది. బట్టకి అలాంటి అంచు ఒక్క చోటే ఉంది, వెనక సగం అయిపోయే చోట, మిగతా చోట్ల పొర పొరలోకి మెల్లగా కరుగుతుంది. అక్కడినుంచి బర్నిషర్ పని, నూనె చుక్క వేసి నున్నటి స్టీలుతో రుద్దడం, రుద్దిన చోట గరుకు అణిగి ఇంకు తక్కువ పట్టి లేత అవుతుంది. నాకు ఈ పనిలో అన్నిటికంటే నచ్చిన దశ ఇది. ఎందుకంటే అచ్చంగా బొగ్గు డ్రాయింగులో రబ్బరుతో వెలుగు తీసినట్టే ఉంటుంది, కాకపోతే వందరెట్లు నెమ్మది, అరచేయంత చోటుకి ఒక పూట. మూడు వారాలు రుద్దా. రెండో స్టేట్, మూడో స్టేట్ ప్రూఫులు పక్కపక్కన పెట్టుకుంటే దుప్పటి మెల్లగా మెత్తబడటం కనపడుతుంది.

మూడో స్టేట్‌లో ఆత్రం ఎక్కువైంది, ఎడమ ముడత పక్కన ఇంకా వెలుగు కావాలని స్క్రేపర్‌తో గీకి, దాని మీద బర్నిష్ చేసి, మొత్తం టోన్ పోగొట్టేశా, అక్కడ బట్ట చిరిగి కన్నం పడినట్టు కనపడింది. ఆ రోజంతా చాలా బాధగా ఉంది. తర్వాత డచ్ చిత్రకారుడు రెంబ్రాంట్ మూడు శిలువల ప్రింట్ ముందు పెట్టుకున్నా. 1653లో డ్రైపాయింట్‌తో, అంటే ఆసిడ్ లేకుండా సూదితో నేరుగా లోహం మీద గీసి చేసింది, నాలుగో స్టేట్‌కి వచ్చేసరికి అంతకుముందు జాగ్రత్తగా గీసిన మనుషుల్ని చాలామందిని గీకేసి చెరిపి, మీదనుంచి నిలువు గీతలతో చీకటి కప్పేశాడు, పాత గుర్రం ఛాయ ఇంకా అందులో కనపడుతుంది వెతికితే. ఇంకో ప్లేట్ అయితే ఆయనది కూడా కాదు, హెర్క్యులెస్ సెగర్స్ చేసిన టోబియాస్, దేవదూత ప్లేట్ ఆయన చేతికి వస్తే ఆ పెద్ద ఆకారాల్ని చెరిపి ఈజిప్టుకి పారిపోతున్న కుటుంబాన్ని గీశాడు, దేవదూత రెక్క ఆనవాళ్ళు చెట్ల ఆకుల్లో అలాగే ఉండిపోయాయి. మెటల్‌లో చెరిపింది పూర్తిగా చెరగదు. నేను ఆ ఎడమ ముక్క వరకు వదిలి మిగతా ప్లేటంతా కప్పేసి, అక్కడ మళ్ళీ రోజిన్ వేసి 15 సెకన్లు మాత్రం ఇచ్చా. కొత్త గ్రెయిన్, అంటే రేణువుల గరుకు, పాత గ్రెయిన్‌తో కలవలేదు, దగ్గరగా చూస్తే అతుకు తెలుస్తుంది. దుప్పటికి అతుకు ఉండొచ్చు కదా అని వదిలేశా, ఇప్పుడు నాకు ఆ చోటు ఇష్టం.

ప్లేట్ మీద రకరకాల లోతులున్నాయి కాబట్టి రంగుతో విస్కాసిటీ ప్రింట్ చేస్తే ఎలా ఉంటుందా అనే ఆలోచన కూడా వచ్చింది మధ్యలో. మన ప్రింట్ కళాకారుడు కృష్ణారెడ్డి గారు పారిస్‌లో హేటర్ నడిపిన అటెలియే 17 అనే ప్రింట్ స్టూడియోలో ఉండి ఇంకొందరితో కలిసి తయారుచేసిన పద్ధతి, ఇంకుల్లో లిన్సీడ్ నూనె ఎక్కువ తక్కువలు చేస్తే ఒకదాన్నొకటి తోసుకుంటాయి, గట్టి రోలర్ పైమట్టానికి మాత్రమే తగులుతుంది, మెత్తటి రోలర్ లోతుల్లోకి దిగుతుంది, అలా ఒకే ప్లేట్ మీద ఒకే పాస్‌లో చాలా రంగులు. ఆయన శిల్పి కూడా, ప్లేట్‌ని శిల్పంలా చెక్కేవారు, లోతులు చేతికి తగిలేలా ఉంటాయి. నా అక్వాటింట్ లోతులు వాటి ముందు ఏమీ కావు, రోలర్‌కి అన్నీ ఒకే మట్టం. మూడు ప్రూఫులు తీసి వదిలేశా, ఆ పద్ధతికి ప్లేట్‌ని మొదటినుంచే వేరుగా కట్టాలి.

నాలుగో స్టేట్‌లో దండెం తాడు బలహీనంగా ఉందనిపించి డ్రైపాయింట్ సూదితో మళ్ళీ గీశా, సూది లేపిన రాగి గరుకు అంచు, అంటే బర్, ఇంకు పట్టుకుని మెత్తగా ముఖమల్‌లా వస్తుంది. అయిదో స్టేట్‌లో నేల మీద కొంచెం బర్నిష్, అంతే, ఆపేశా. బర్ ఎక్కువ ప్రింట్లకి నిలబడదు, ప్రెస్ కింద అణిగిపోతుంది, అందుకే ఎడిషన్ చిన్నదిగా అనుకున్నా.

ప్రింటింగ్‌లో ఒక్క సంగతి గట్టిగా చెప్పాలి, తుడవడం కూడా డ్రాయింగే. ఉత్త నలుపు ఇంకుతో తీస్తే దుప్పటి చల్లగా, సిమెంటులా ఉంది, కాసింత బర్న్ట్ అంబర్ కలిపాక ఎండ వచ్చింది. ప్లేట్ గోరువెచ్చగా చేసి ఇంకు పట్టించి, టార్లటన్ అనే పలచటి గరుకు గుడ్డతో గుండ్రంగా తుడిచి, తర్వాత పలచటి కాగితంతో, చివర్న అరచేతికి చాక్ పొడి రాసుకుని ఒక పొర చోటు మాత్రం చేత్తో తుడిచా. ఎక్కువ తుడిస్తే ఒక పొరా పూర్తి తెలుపూ ఒకటైపోతాయి, అప్పుడు నేను గంటసేపు కూర్చుని నిర్ణయించుకున్నదంతా వృథా. కాగితం 300 జిఎస్ఎమ్ కాటన్, ముందురోజు రాత్రి నానబెట్టి ప్లాస్టిక్‌లో చుట్టి ఉంచా, ప్రింట్ తీసేముందు బ్లాటింగ్ కాగితాల మధ్య అద్దితే పైన నీటి మెరుపు పోయి చల్లగా ఉండాలి. మొత్తం 19 తీశా, 12 ఒప్పుకున్నా, 2 ఆర్టిస్ట్ ప్రూఫులు (ఎడిషన్ లెక్కలోకి రానివి, నాకోసం ఉంచుకునేవి), మిగతా 5 చింపేశా. చింపినవాటిల్లో రెండు విడిగా చూస్తే బాగానే ఉండేవి, కానీ మిగతా ప్రింట్ల పక్కన పెడితే రెండు పొరల చోటు ముదురుగా ఉంది, ఎడిషన్ అంటే పన్నెండూ ఒకే మాట చెప్పాలి, ఈ విషయంలో నేను సడలించను.

ఇప్పుడు డ్రాయింగుకి కూర్చుంటే చెయ్యి ముందులా గీత కోసం పోవట్లేదు, వెలుగు ఎటునుంచో చూసి, పూర్తి తెలుపు ఎక్కడో వెతికి అప్పుడు బ్రష్ తీస్తున్నా. నాలుగో ప్లేట్ మొదలుపెట్టా, అదే దండెం, అదే దుప్పటి, ఈసారి పిండి అప్పుడే ఆరేసిన తడి దుప్పటి. దీంతో నా పొరల లెక్క చెల్లట్లేదు. బట్ట తడిస్తే పోగుల మధ్య గాలి ఉండాల్సిన చోట నీళ్ళు చేరతాయి, వెలుగు చెదిరిపోకుండా నేరుగా దూరిపోతుంది, అందుకని వెనక వెలుగులో తడి చోటు రెండు పొరలున్నా పక్కనే ఉన్న పొడి ఒక పొరతో పోటీ పడుతోంది, పైనుంచి ఆరుతూ వచ్చే కొద్దీ ఆ గీటు కిందకి జారుతూ ఉంటుంది, నేను గీస్తుండగానే మారిపోతుంది. ఇప్పటికి 11 డ్రాయింగులు అయ్యాయి, తడికి వేరే గిన్నెలు పెట్టుకున్నా. 15 సెకన్ల కంటే తక్కువలో, 5 సెకన్లకీ 10 సెకన్లకీ మధ్య రాగి ఎన్ని టోన్లు ఇస్తుందో తెలియాలి ముందు, కొత్త టెస్ట్ స్ట్రిప్ రోజిన్ వేసి ఉంది, రేపు పొద్దున ఫెరిక్‌లో పెడతా.